పెస్టోలో పైన్ నట్స్ మారిస్తే మిగతా కొలతలూ మారాలి

పెస్టో అంటే బేసిల్ ఆకులు నూరి చేసే పచ్చటి పాస్తా సాస్; పైన్ చెట్ల గింజలైన పైన్ నట్స్ అందులో పడాలి. అవి దొరకనప్పుడు ఏం చేయాలో చెప్పాల్సి వస్తే పెస్టో వంటకాల్లో చాలావరకు ఒక్క ముక్కే ఉంటుంది: ‘వాటి బదులు అంతే జీడిపప్పు వేసుకోవచ్చు’. వేసుకోవచ్చు, నిజమే. కానీ నూనె, చీజ్, ఉప్పు ఏమీ మార్చకుండా అంతే జీడిపప్పు వేసి తిప్పితే వచ్చేది తియ్యగా, గట్టిగా, చెంచాకి అంటుకుపోయే ముద్ద. అంతే వాల్‌నట్ వేస్తే చేదు. అంతే పొద్దుతిరుగుడు గింజలు వేస్తే మట్టి వాసన, మసకబారిన రంగు. పైన్ నట్స్ తీసేసినప్పుడు సాస్‌లోంచి ఏమేం పోయాయో ముందు లెక్క చూసుకుంటే ఈ మూడూ తప్పుతాయి.

పెస్టో ఇటలీలోని లిగూరియా ప్రాంతానిది, అందులోనూ జెనోవా నగరానిది. ఇటాలియన్‌లో ‘పెస్తారే’ అంటే దంచడం, నూరడం; పేరు అక్కడి నుంచే వచ్చింది. జెనోవా పద్ధతిలో సరుకులు ఏడే: లేత బేసిల్ (తులసి జాతి మొక్క) ఆకులు, పైన్ నట్స్, వెల్లుల్లి, పార్మిజానో రెజ్జానో అనే చీజ్, గొర్రెపాలతో చేసే పెకోరినో అనే చీజ్, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, రాళ్ల ఉప్పు. అర కిలో లోపు పాస్తాకి సరిపోయే కొలత ఇలా ఉంటుంది: కాడలు తీసిన ఆకులు 60 గ్రాములు, పైన్ నట్స్ 30 గ్రాములు, పార్మిజానో 50, పెకోరినో 30, వెల్లుల్లి ఒకటి లేదా రెండు రెబ్బలు, నూనె 70 మిల్లీలీటర్లు, ఉప్పు చిటికెడు. ఇక్కడ చెప్పే మార్పులన్నీ ఈ కొలతకే వర్తిస్తాయి.

ఆ 30 గ్రాములు ఏం చేస్తాయి

మొత్తం సాస్‌లో ఎనిమిదో వంతు మాత్రమే ఉండే పైన్ నట్స్‌కి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అవి ఒకేసారి మూడు పనులు చేస్తాయి.

మొదటిది కొవ్వు. పైన్ నట్స్ బరువులో 68 శాతం దాకా కొవ్వే. 30 గ్రాములు వేస్తే 20 గ్రాముల కొవ్వు సాస్‌లోకి చేరుతుంది. పెస్టో నోట్లో వెన్నలా జారడానికి ఆలివ్ నూనె ఒక్కటే కారణం కాదు, గింజలోంచి వచ్చే ఈ కొవ్వు కూడా కారణం.

రెండోది మెత్తదనం. పైన్ నట్‌ను వేళ్ల మధ్య గట్టిగా నొక్కితే చితికిపోతుంది. పైన తోలు లేదు, లోపల గట్టి పలుకు లేదు. అందుకే రోట్లో నాలుగు దంపులకే పేస్టులా మారి, ఆకుల్లోని నీటినీ బయటి నూనెనూ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పెస్టో గిన్నెలో నూనె పైకి తేలి, ఆకు పిప్పి అడుక్కి దిగిపోయిందంటే ఈ పని జరగలేదన్నమాట.

మూడోది రుచి. కొద్దిగా తీపి, కొద్దిగా జిగురు చెట్ల వాసన, అంతే. బేసిల్ వాసనను ఎక్కడా కప్పేయదు. ఈ గుణానికి విలువ తెలిసేది వేరే గింజ వేసి చూసినప్పుడే.

బదులుగా వాడే గింజల్లో ఈ మూడూ చేసేవి చాలా తక్కువ. ఒకటి కొవ్వు ఇస్తుంది కానీ చేదు తెస్తుంది. ఇంకొకటి మెత్తగా నలుగుతుంది కానీ పిండిపదార్థం ఎక్కువై జిగటగా తయారవుతుంది. కాబట్టి ఏ గింజ వాడినా, అది చేయలేని పనిని మిగతా సరుకులతో చేయించాలి.

కొవ్వు లెక్క

ఇది అన్నిటికన్నా తేలిక, చాలామంది వదిలేసేదీ ఇదే. వంద గ్రాములకి కొవ్వు మకడేమియాలో సుమారు 76 గ్రాములు, పెకాన్‌లో 72, పైన్ నట్స్‌లో 68, వాల్‌నట్‌లో 65, హేజెల్‌నట్‌లో 61. అక్కడి నుంచి ఒక్కసారిగా దిగిపోతుంది: పొద్దుతిరుగుడు గింజల్లో 51, బాదంలో 50, గుమ్మడి గింజల్లోనూ వేరుశనగలోనూ 49, పిస్తాలో 45, జీడిపప్పులో 44. రకాన్ని బట్టి ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ ఉంటాయి.

అంటే 30 గ్రాముల పైన్ నట్స్ స్థానంలో 30 గ్రాముల బాదం వేస్తే అయిదు గ్రాములకు పైగా కొవ్వు తగ్గుతుంది. టీస్పూన్ నూనె బరువు నాలుగున్నర గ్రాములు. బాదం, పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు వాడినప్పుడు టీస్పూన్ మీద కొద్దిగా నూనె ఎక్కువ పోస్తే లోటు తీరుతుంది. పిస్తాకి ఒకటిన్నర టీస్పూన్లు. వాల్‌నట్‌కి ఏమీ అక్కర్లేదు. మకడేమియా అయితే అరటీస్పూన్ తగ్గించినా చెల్లుతుంది. జీడిపప్పు సంగతి వేరు. దాని లోటు నూనెతో తీర్చకూడదు, కారణం దాని దగ్గర చూద్దాం.

ఈ లెక్క పనిచేయాలంటే గింజల్ని కప్పుతో కాకుండా తూకంతో కొలవాలి. పావు కప్పు పైన్ నట్స్ దాదాపు 34 గ్రాములు తూగుతాయి. అదే పావు కప్పులో వాల్‌నట్ అరలు వంకరటింకరగా ఉండి మధ్యలో ఖాళీలు వదులుతాయి కాబట్టి 25 గ్రాములే పడతాయి. కప్పు కొలతతో గింజ మారిస్తే, మొదటి అడుగులోనే నాలుగో వంతు తేడా వచ్చేసినట్టు.

వాల్‌నట్: చేదంతా తోలులోనే

వాల్‌నట్ లిగూరియాకి కొత్తది కాదు. అక్కడే ‘సల్సా ది నోచి’ అనే వాల్‌నట్ సాస్ ఉంది. పాలలో నానబెట్టిన రొట్టె కలిపి నూరి, పాన్‌సోతీ అనే కూరిన పాస్తాతో వడ్డిస్తారు. కొవ్వులో పైన్ నట్‌కి దగ్గర, నలగడంలోనూ దగ్గర. ఇబ్బంది ఒక్కటే: గింజని అంటుకుని ఉండే పల్చటి గోధుమరంగు పొర. వగరు, చేదు ఇచ్చే టానిన్లు ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే. లోపలి తెల్లటి పప్పు తియ్యగానే ఉంటుంది. ఒక అరను గోటితో గీకి, పొరనీ పప్పునీ విడివిడిగా నమిలి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

పొర తీయడానికి రెండు దారులున్నాయి. తొందరగా అయ్యేది వేయించి రుద్దడం. ఒవెన్‌లో 160 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు ఉంచి, వేడి తగ్గకముందే గరుకైన బట్టలో మూటగట్టి అరచేతుల మధ్య గట్టిగా నలపాలి. బట్ట విప్పితే పొట్టు రేకులుగా రాలి ఉంటుంది. గింజల్ని పెద్ద కళ్ల జల్లెడలో వేసి ఆడిస్తే పొట్టు కిందికి పోతుంది. మడతల్లో ఇరుక్కున్నది కొంత మిగులుతుంది, దాంతో నష్టం లేదు. సగానికి పైగా రాలితేనే చేదు చాలా తగ్గుతుంది.

రెండోది ఓపిక కావాల్సిన దారి. గింజల్ని మరిగే నీళ్లలో ఒక నిమిషం ఉంచి, వడగట్టి, తడిగా ఉండగానే కత్తి మొనతో పొర ఎత్తితే పెద్ద పెద్ద ముక్కలుగా ఊడొస్తుంది. ఇలా చేసిన పప్పు దంతం రంగులో ఉంటుంది, పెస్టో పచ్చదనం ఏమాత్రం మసకబారదు. అయితే నీళ్లు పీల్చుకుని ఉంటుంది కాబట్టి 110 డిగ్రీల ఒవెన్‌లో పది నిమిషాలు ఆరబెట్టి చల్లార్చాకే వాడాలి. లేకపోతే సాస్ పల్చనై, ఎక్కువ రోజులు నిలవదు.

పొర తీసినా చేదు ఉందంటే గింజ పాతదని అర్థం. వాల్‌నట్ కొవ్వులో డెబ్భై శాతం దాకా బహు అసంతృప్త రకానిది. గాలి, వెలుతురు, వేడి తగిలితే తొందరగా పాడవుతుంది. వాసన చూస్తే పాత పెయింట్‌లాగో, నిలవ నూనెలాగో అనిపిస్తుంది. దీనికి మందు లేదు. వేయించినా, చీజ్ ఎక్కువ వేసినా ఆ వాసన పోదు, బేసిల్‌తో కలిసి ఇంకా పైకి తేలుతుంది. అందుకే కొన్నవెంటనే గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టడం మంచిది.

కొలత 30 గ్రాములే. చీజ్ మాత్రం మార్చాలి: పెకోరినోలోని ఘాటు, ఉప్పదనం వాల్‌నట్ వగరుని ఎత్తిచూపుతాయి కాబట్టి పెకోరినో 20, పార్మిజానో 60 గ్రాములు. వెల్లుల్లి ఒక్క రెబ్బ చాలు.

పెకాన్‌కి వాల్‌నట్ పద్ధతే. చేదు తక్కువ, తీపి ఎక్కువ, పొర తీయకపోయినా పరవాలేదు.

జీడిపప్పు, బాదం, పిస్తా

జీడిపప్పులో కొవ్వు తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. మిక్సీలో ఎక్కువసేపు తిరిగితే ఆ పిండి ఆకుల నీటిని పీల్చుకుని జిగురులా తయారవుతుంది. ‘గట్టిగా ఉంది’ అని నూనె పోస్తూ పోతే సాస్ పల్చబడదు, జిడ్డు మాత్రం పెరుగుతుంది. కావలసింది నీళ్లు: ఒక టేబుల్ స్పూన్ చల్లని నీళ్లు, లేదా వడ్డించే ముందు పాస్తా ఉడికించిన నీళ్లు. జీడిపప్పు పెస్టో ఫ్రిజ్‌లో రాత్రికి రాత్రి ఇంకా గట్టిపడుతుంది, అదీ ఈ కారణంగానే. గింజ 25 గ్రాములకు తగ్గించి, మెత్తగా కాకుండా కొంచెం బరకగా ఉండగానే ఆపేస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు. తీపిని అదుపులో పెట్టడానికి పెకోరినోని 40కి పెంచి పార్మిజానోని 40కి దించాలి. వేయించక్కర్లేదు, వేయిస్తే తీపి ఇంకా పెరుగుతుంది.

సగం జీడిపప్పు, సగం పొర తీసిన వాల్‌నట్, అంటే పదిహేను గ్రాముల చొప్పున కలిపి వేయడం విడివిడిగా ఏది వేసినదానికన్నా బాగుంటుంది. ఒకదాని తీపి ఇంకొకదాని వగరుని సర్దుతుంది. సులువుగా దొరికే వాటితో పైన్ నట్‌కి దగ్గరగా వెళ్లాలంటే ఈ జోడీనే. ఒకే గింజతో కావాలంటే మకడేమియా: కొవ్వుగా, లేతరంగులో, వెన్నలా నలుగుతుంది.

బాదం కొవ్వు కన్నా గట్టిదనంతో ఇబ్బంది పెడుతుంది. తోలు తీయడం తేలికే: మరిగే నీళ్లలో ఒక నిమిషం, తర్వాత చన్నీళ్లు, వేళ్లతో నొక్కితే జారిపోతుంది. కానీ పప్పు ఎంత నూరినా పలుకు పలుకుగానే ఉంటుంది. సిసిలీ దీవిలోని ట్రాపాని పట్టణంలో ఈ పలుకునే గుణంగా మార్చుకున్నారు. అక్కడి పెస్టోలో బాదం, వెల్లుల్లి, బేసిల్‌తో పాటు పచ్చి టమాటాలు నూరతారు. టమాటా రసంలో బాదం పలుకులు పంటికి హాయిగా తగులుతాయి. బాదం చేతిలో ఉన్నప్పుడు జెనోవా పెస్టోని అనుకరించడం కన్నా ట్రాపాని దారిలో వెళ్లడమే మేలు. మెత్తటి ఆకుపచ్చ పెస్టోయే కావాలంటే తోలు తీసిన బాదంని ఆరేడు గంటలు నానబెట్టి, తుడిచి, అన్నిటికన్నా ముందు ఒంటరిగా నూరాలి.

పిస్తా రంగుకి పెట్టింది పేరు. సిసిలీలోనే ఎట్నా అగ్నిపర్వతం పక్కన ఉండే బ్రోంతె ఊరి పిస్తాకి 2009లో యూరప్ ప్రాంతీయ గుర్తింపు వచ్చింది, ఆ పిస్తాతో చేసే పెస్టో అక్కడ సొంతంగానే ఒక వంటకం. వేయించని, ఉప్పు లేనివి ఎంచుకోవాలి. ఉప్పు పిస్తా తప్ప వేరే లేకపోతే విడిగా వేసే ఉప్పు పూర్తిగా మానేసి, చీజ్ కలిపాక రుచి చూడాలి. ఊదారంగు పలుచటి తోలుని బాదంలాగే తీసేస్తే పచ్చదనం నిలుస్తుంది, తీయకపోతే సాస్ నాచు రంగుకి తిరుగుతుంది.

హేజెల్‌నట్ మంచి గింజే కానీ గొంతు పెద్దది. 175 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు వేయించి తోలు రుద్దేశాక వచ్చే వాసన బేసిల్‌ని మింగేస్తుంది. ఆకుల్లో సగం పార్స్‌లీ వేసే సాస్‌కి బాగా కుదురుతుంది. వేరుశనగతో ఇంకో రకం చిక్కు: పచ్చిగా వేస్తే పచ్చి చిక్కుడు వాసన, వేయిస్తే వేరుశనగ వాసన తప్ప ఇంకేదీ తెలియదు. వేరే దారి లేనప్పుడే, అదీ 20 గ్రాములకు మించకుండా.

నట్స్ అసలే పనికిరానప్పుడు: పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు

ఇంట్లో ఎవరికైనా నట్స్ పడకపోతే పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలే దిక్కు. వీటిని ‘రాజీ’ అనుకోనక్కర్లేదు. సరిగా చేస్తే గుమ్మడి గింజల పెస్టో నిండు రంగుతో, గాఢమైన రుచితో తనకంటూ ఒక స్థానం సంపాదించుకుంటుంది. పచ్చివి పచ్చివిగా వేసి మిక్సీ తిప్పేయడం వల్లే చెడ్డపేరు వచ్చింది.

పొద్దుతిరుగుడు గింజలతో ఇలా చేయాలి. పైపెంకు తీసిన, ఉప్పు లేని గింజలు 30 గ్రాములు గోరువెచ్చటి నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, నీళ్లు పారబోసి మళ్లీ కడగాలి. ఆ మొదటి నీళ్లు మబ్బుగా, కొద్దిగా వగరుగా ఉంటాయి. మట్టి రుచి కొంత వాటితోనే పోతుంది. బట్టతో అద్ది, అడుగు మందంగా ఉన్న పెనంలో సన్నని మంట మీద ఆరేడు నిమిషాలు కదుపుతూనే ఉండాలి. ముందు తడి ఆరుతుంది, తర్వాత అంచులు లేత బంగారు రంగుకి తిరుగుతాయి. అక్కడే ఆపి వెంటనే చల్లని పళ్లెంలోకి ఒంపేయాలి. పెనంలోనే వదిలేస్తే మంట లేకపోయినా ఇంకో రంగు ముదురుతాయి. పూర్తిగా చల్లారాక వెల్లుల్లి, ఉప్పు, టేబుల్ స్పూన్ నూనెతో కలిపి ముందు వాటినే పేస్టు చేయాలి. ఆకులు ఆ తర్వాతే. గింజ మెత్తబడకముందే ఆకులు వేస్తే, గింజ నలిగేలోపు ఆకు నల్లబడిపోతుంది. చివర్లో చీజ్, మిగిలిన నూనె, అదనంగా టీస్పూన్ నూనె, సగం నిమ్మకాయ పైచెక్కు తురుము. తురుములోని వాసన గింజ బరువుని తేలిక చేస్తుంది.

నిమ్మరసం బదులు తురుము ఎందుకంటే, పులుపు తగిలితే ఆకులోని పత్రహరితం మెగ్నీషియాన్ని కోల్పోయి ఎండిన ఆలివ్ రంగుకి మారుతుంది. రసం కావాలనుకుంటే పళ్లెంలో వడ్డించాక పిండుకోవాలి.

గుమ్మడి గింజల్లో ప్రొటీన్ 30 శాతం దాకా ఉంటుంది, పైన్ నట్స్‌లో 14 శాతమే. దాంతో సాస్ చిక్కగా, కాస్త పొడిపొడిగా వస్తుంది. పెనంలో మూడు నాలుగు నిమిషాలు వేడి చేస్తే ఉబ్బి చిటపటలాడతాయి. సగం గింజలు ఉబ్బగానే దించేయాలి. అన్నీ చిట్లేదాకా ఉంచితే పచ్చరంగు గోధుమరంగులోకి దిగిపోతుంది. 25 గ్రాములు చాలు, నూనె మాత్రం తగ్గించకూడదు, పైగా ఒక టేబుల్ స్పూన్ నీళ్లు కలపాలి. కొత్తిమీర, పార్స్‌లీ లాంటి ఘాటైన ఆకులతో ఈ గింజ బేసిల్‌తో కన్నా బాగా కలుస్తుంది.

నువ్వులు ఒక్కటే వేసిన పెస్టో చేదెక్కుతుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వులు 10 గ్రాములు, పొద్దుతిరుగుడు 20 గ్రాములు అయితే నిలబడుతుంది. అవిసె, చియా మాత్రం వేయకూడదు: తడి తగలగానే వాటి చుట్టూ జిగురు పొర ఊరుతుంది, పావుగంటలో సాస్ తీగలు సాగుతుంది.

ఏ గింజా లేకుండా కూడా దారి ఉంది. ఫ్రాన్స్‌లోని ప్రోవెన్స్ ప్రాంతపు ‘పిస్తూ’లో బేసిల్, వెల్లుల్లి, ఆలివ్ నూనె తప్ప నట్స్ ఉండవు, చీజ్ వేసేవాళ్లు వేస్తారు. పాస్తాకి పట్టేంత చిక్కదనం కావాలంటే పార్మిజానో 15 గ్రాములు పెంచడమో, అంచులు తీసిన రొట్టె 15 గ్రాములు నీళ్లలో తడిపి పిండి కలపడమో చేస్తే సరిపోతుంది.

వేయించాలా, వద్దా

జెనోవాలో పైన్ నట్స్‌ని వేయించరు. వేయిస్తే వచ్చే కమ్మటి వాసన బేసిల్ మీద పరుచుకుంటుందని కారణం. ఇతర గింజలకి ఇదే కొలబద్ద: పచ్చిగా తిన్నప్పుడు రుచి బాగుంటే (జీడిపప్పు, మకడేమియా, పిస్తా, తోలు తీసిన బాదం) అలాగే వేయాలి. పచ్చిగా మట్టి రుచో వగరో ఉంటే (పొద్దుతిరుగుడు, గుమ్మడి, వాల్‌నట్, హేజెల్‌నట్) దోరగా వేయించాలి. ఏదైనా పూర్తిగా చల్లారాకే ఆకుని తాకాలి. చేతికి వెచ్చగా తగిలే గింజ చాలు, దాని చుట్టూ ఉన్న ఆకు వాడి నల్లబడటానికి.

మిక్సీలో అయితే జార్‌ని, బ్లేడుని పావుగంట ఫ్రీజర్‌లో ఉంచితే వేడి పుట్టడం ఆలస్యమవుతుంది. ముందు గింజ, వెల్లుల్లి, ఉప్పు. తర్వాత ఆకులు, సగం నూనె. రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పాలి. ఆకులు వేశాక మొత్తం తిరిగే సమయం అర నిమిషం దాటకూడదు. చీజ్, మిగతా నూనె గిన్నెలోకి తీసి చెంచాతో కలపాలి. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెల్లో కొన్ని వేగంగా తిరిగితే చేదెక్కుతాయి. చేతితో కలిపితే ఆ భయం ఉండదు.

రోట్లో నూరేవాళ్లకి గింజ మారడం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పాలరాతి రోట్లో చెక్క రోకలితో వెల్లుల్లి, రాళ్ల ఉప్పు నూరి, గింజ వేసి, అది మెరుస్తూ గోడలకి అంటుకునేదాకా దంచాలి. పైన్ నట్ అయితే నిమిషంలో ఆ మెరుపు వస్తుంది. బాదం అయిదారు నిమిషాలు తీసుకుంటుంది. మెరుపు రాకుండా ఆకు వేస్తే నూనె చివరిదాకా కలవదు.

చేదు వచ్చిందంటే ఎక్కడి నుంచి?

చేదు పెస్టోని పారేసేముందు నాలుగు విడి రుచులు చూడాలి: వాడిన గింజ ఒకటి, నూనె ఒక చుక్క, వెల్లుల్లి ముక్క, బేసిల్ ఆకు. వెల్లుల్లి మధ్యలో పచ్చ మొలక ఉంటే అది చేదు. ముందే చీల్చి తీసేయాలి. పూత వచ్చిన బేసిల్ ముదురు ఆకులూ చేదే. నూనె చుక్కే చేదుగా ఉంటే తప్పు దానిది. ఇవేవీ కాకపోతే గింజ తోలు, మాడు, పాతదనం. తోలు వల్ల వచ్చిన చేదుని ఇంకో 20 గ్రాముల ఆకులు, 15 గ్రాముల పార్మిజానో కలిపి మాఫీ చేయవచ్చు. మాడు, పాత వాసన కుదరవు.

పైన్ నట్స్ తిన్న మర్నాడో ఆ మర్నాడో ఏం తిన్నా ఇనుప చేదు తగులుతోందంటే అది వేరే సంగతి. ‘పైన్ మౌత్’ అంటారు. పైనస్ ఆర్మాండీ అనే జాతి గింజలతో దీనికి సంబంధం కనిపించింది. సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. ఒకసారి ఇలా జరిగినవాళ్లు వేరే గింజకి మారిపోవడం మామూలే.

నూనె తేలిపోతే రెండు టీస్పూన్ల గోరువెచ్చటి నీళ్లు పోసి చెంచాతో గట్టిగా గిలకొడితే చాలావరకు కలుస్తుంది. పలుకులు తగులుతుంటే సాస్ మొత్తాన్ని మళ్లీ తిప్పకూడదు, ఆకు నల్లబడుతుంది. రెండు చెంచాల సాస్ మాత్రం తీసి, కొద్ది నూనెతో మెత్తగా నూరి తిరిగి కలపాలి.

ఎలర్జీ ఉన్నవాళ్లకి

ఇక్కడ ‘కొంచెమే కదా’ పనికిరాదు. పచ్చటి సాస్‌లో ఏ గింజ నలిగిందో చూసి ఎవరూ చెప్పలేరు. దుకాణాల్లో సీసాల్లో అమ్మే పెస్టోల్లో చాలావాటిలో జీడిపప్పు ఉంటుంది, పైన్ నట్స్ ఉన్నాయనుకుని తినేవాళ్లకి ఇది ప్రమాదం. జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు. రెండూ ఒకే కుటుంబపు చెట్లు. వాల్‌నట్, పెకాన్‌లదీ అదే బంధం. అందువల్ల జీడిపప్పు తీసి పిస్తా వేయడం, వాల్‌నట్ తీసి పెకాన్ వేయడం ఎలర్జీకి పరిష్కారం కాదు. నువ్వుల ఎలర్జీ కూడా తక్కువేం కాదు: అమెరికాలో 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద తప్పనిసరిగా ప్రకటించాల్సిన ఎలర్జీ పదార్థాల్లో నువ్వులు తొమ్మిదోవి అయ్యాయి.

పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలు చాలామందికి పడతాయి, అందరికీ కాదు. వాటిని నట్స్ ప్యాక్ చేసే చోటే ప్యాక్ చేయడం మామూలు కాబట్టి ప్యాకెట్ మీది హెచ్చరిక చదవాల్సిందే. మిక్సీ జార్ రబ్బరు కింద, చెక్క రోకలి పగుళ్లలో పాత పొడి మిగిలిపోతుంది. పార్మిజానో, పెకోరినో రెండూ పాలతో చేసినవే, పాలు పడనివాళ్లకి గింజ ఒక్కటి మారిస్తే చాలదు.

నిలవ ఉంచడం

పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగి ఉన్న ఏ పదార్థాన్నైనా బయట నిలవ ఉంచకూడదు. గాలి ఆడని చోట బాట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషబాధ కలిగించే బాక్టీరియా పెరగడానికి అవకాశం ఉంటుంది. పెస్టోని చిన్న సీసాలో గాలి బుడగలు లేకుండా అదిమి, పైన అర సెంటీమీటర్ నూనె పోసి ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. ఎక్కువ చేస్తే చీజ్ కలపకముందే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, గడ్డల్ని సంచిలోకి మార్చి ఫ్రీజర్‌లో ఉంచాలి. రెండు మూడు నెలలు రుచి తగ్గదు, వాల్‌నట్ వేసినది మాత్రం నెలన్నర లోపే వాడటం మంచిది. ఫ్రిజ్‌లో కరగనిచ్చి చీజ్ అప్పుడు కలపాలి. జీడిపప్పు పెస్టో కరిగాక గరుకుగా, విడిపోయినట్టు కనిపిస్తే భయపడక్కర్లేదు, చెంచా వేడి నీళ్లతో మళ్లీ కలుస్తుంది. ఏ గింజతో చేసినదైనా పొయ్యి మీద మాత్రం పెట్టకూడదు: ఉడికిన పాస్తాని పొయ్యి దించి, రెండు మూడు చెంచాల పాస్తా నీళ్లతో పెస్టోని గిన్నెలోనే పల్చన చేసి, అప్పుడు రెండూ కలపాలి.